డీజిలు లారీ యింజనులో సాఫ్ట్‌వేర్ మార్పు : మైలేజిపై దాని ప్రభావము

బెంగుళూరు నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గము దేవనహళ్లి దాటి, నందికొండను ఎడమచేతి ప్రక్కన విడిచి, చిక్కబళ్లాపురము మీదుగా బాగేపల్లి చేరును. అచ్చటికి కొలదిదూరములోనే కొడికొండ చెక్కుపోస్టువద్ద ఆంధ్రదేశపు సరిహద్దు తగులును. పూర్వము 7వ సంఖ్య గల జాతీయ మార్గమనియు, నేడు 44వ సంఖ్య గలదనియు పిలువబడు ఈ బాట యొక ప్రక్క. చిక్కబళ్లాపురము నుండి శిడ్లఘట్టము మీదుగా చింతామణికి, అటనుండి మదనపల్లె వైపునకు పోవు బాటలు మఱియొక ప్రక్క. 2007లో కోలారు జిల్లానుండి వేరుపడిన చిక్కబళ్లాపురము జిల్లాకు ఈ బాటలే ప్రాణనాడులు. చింతామణి టొమాటో, చిక్కబళ్లాపురము పూలు, ద్రాక్ష, కూరగాయలు, శిడ్లఘట్టము పట్టు, ఇవన్నియు లారీ చక్రముల మీదనే దూరదేశములకు పోవుచున్నవి. ప్రభుత్వపు కాగితములన్నియు కన్నడములో నున్నను, ఈ తాలూకాల లారీషెడ్లలో వినవచ్చు భాష చాలవఱకు తెలుగే.

ఆ షెడ్లలో ఇటీవల నొక వివాదము తఱచుగా వినబడుచున్నది. లారీని సర్వీసునకు పంపగా, కంపెనీవారు ఒక తీగ తగిలించి, అరగంట కంప్యూటరు ముందు కూర్చుండి, "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసితిమి" అని చెప్పి పంపుదురు. ఆ పిమ్మట మైలేజి పడిపోయినదని యొక యజమాని వాపోవును. మఱియొకడు పెరిగినదనును. మూడవవాడు ఏమియు మారలేదనును. ముగ్గురును అబద్ధమాడుట లేదు. ఒకే కార్యమునుండి మూడు ఫలితము లెట్లు పుట్టినవో విచారించుటయే ఇచ్చటి ప్రసక్తి.

విషయము స్వల్పమని తలంపరాదు. నెలకు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరుగు లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చుచున్నదనుకొందము. నెలకు రెండు వేల లీటర్లు ఖర్చగును. మైలేజి నూటికి మూడు వంతులు తగ్గినచో అరువది లీటర్లకు పైగా అదనము. లీటరు తొంబది రూపాయల చొప్పున లెక్కించిన, నెలకు అయిదువేల అయిదువందల రూపాయలు. ఒకే లారీ గలిగి, దానిపై బ్యాంకు కంతులు కట్టుచు, తానే డ్రైవరై నడుపుకొను చింతామణి సంసారికి ఆ మొత్తము పిల్లవాని బడి జీతమో, ఇంటి బియ్యమో కాగలదు. (మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి అరువదియేండ్లు దాటినను, "మైలేజి" యను మాట మాత్రము పోలేదు. మనవారు దానిని తెనుగు మాటగానే వాడుకొనుచున్నారు గనుక ఇచ్చటను అదియే వాడబడినది.)

మొదట సాఫ్ట్‌వేర్ లేని కాలమును గుర్తు చేసికొనవలెను. డీజిలు యింజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులో గాలి మిక్కిలిగా నొక్కబడి వేడెక్కగా, ఆ వేడిలోనికి డీజిలు చిమ్మబడి తనంతట తానే మండును. కనుక ఎంత డీజిలు, ఏ క్షణమున, ఎంత ఒత్తిడితో చిమ్మవలెనన్నదే యింజను గుణమును నిర్ణయించును. పూర్వము ఈ మూడింటిని ఇనుప పంపు నిర్ణయించెడిది. 1951లో స్థాపింపబడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ బెంగుళూరు ఆడుగోడిలో ఆ పంపులను తయారుచేసినందున, ఈ ప్రాంతపు మెకానికులకు "మైకో పంపు" ఇంటి చుట్టము వంటిది. 2008లో ఆ సంస్థ పేరు బాష్‌గా మారెను. పంపును విప్పి, బల్లపై బిగించి, గాజుగొట్టములలోనికి వచ్చు డీజిలును కొలిచి సరిచేయుటను "కాలిబ్రేషన్" అనెడివారు. టైమింగు ముందునకు జరిపినచో బండి లాగును, మైలేజి పెరుగును, కాని యింజను కొట్టుకొనును. వెనుకకు జరిపినచో నెమ్మదించును, డీజిలు త్రాగును. ఈ సత్యము బాగేపల్లి ముసలి మెకానికునకు పుస్తకము లేకయే తెలియును. సాఫ్ట్‌వేర్ సమస్యయంతయు దీనిలోనే బీజరూపమున నున్నది.

1995లో జపానుదేశమున డెన్సో సంస్థ హీనో లారీకై చేసిన కామన్ రైలు పద్ధతితో ఈ నిర్ణయము ఇనుము చేతినుండి లెక్క చేతికి మారెను. డీజిలు ఎల్లప్పుడును తీవ్రమైన ఒత్తిడితో ఒక గొట్టములో నిలువయుండును. నేటి యింజనులలో ఆ ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి వేయిరెట్లు దాటి, కొన్నింట రెండువేల రెట్లవఱకు పోవును. అచ్చటినుండి ప్రతి సిలిండరునకు గల ఇంజెక్టరు విద్యుత్ సంకేతము రాగానే తెఱచుకొని మూసికొనును. ఆ సంకేతమిచ్చునది ఈసీయూ అను చిన్న పేటిక. దానిలో నుండునది మంత్రము కాదు, పట్టికలు. పంచాంగములో తిథివారములనుబట్టి ఫలము చూచినట్లు, ఈసీయూ యింజను వేగము, యాక్సిలరేటరు నొక్కుడు, గాలి ఒత్తిడి, నీటి వేడి మొదలగువానిని బట్టి పట్టికలో వెదకి, ఇంత డీజిలు, ఇన్ని డిగ్రీల ముందుగా, ఒకమారో రెండుమూడు మార్లో చిమ్మవలెనని తేల్చును. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అనగా ఈ పట్టికలనో, వానిని చదువు నియమములనో మార్చుటయే. కావున "అప్‌డేట్ వలన మైలేజి మారునా?" యను ప్రశ్నకు జవాబు, ఏ పట్టిక మారినదన్న దానిపై నాధారపడును. చిమ్ము టైమింగు పట్టిక మారినచో తప్పక మారును. యూరియా తొట్టిలోని మట్టము చూపు సెన్సరును గూర్చిన నియమము మాత్రమే మారినచో, మైలేజికి దానితో సంబంధము లేదు.

ఇక్కడ ఒక ధర్మసంకటము గలదు. టైమింగు ముందునకు జరిగినచో సిలిండరులో మంట మిక్కిలి వేడిగా మండి, అదే డీజిలునుండి ఎక్కువ పని లభించును. కాని ఆ వేడిలోనే గాలిలోని నైట్రోజనును ఆక్సిజనును కలిసి, నైట్రోజన్ ఆక్సైడులను విషవాయువులు పుట్టును. వెనుకకు జరిపినచో విషవాయువు తగ్గును, మసి పెరుగును, డీజిలు ఖర్చును పెరుగును. యజమాని జేబునకు మేలైనది ఊరివారి ఊపిరితిత్తులకు కీడగుచున్నది. ఈ తక్కెడలో ముల్లు ఎచ్చట నిలువవలెనో సాఫ్ట్‌వేర్ నిర్ణయించును. ఆ సాఫ్ట్‌వేర్‌ను వ్రాయువాడు కంటికి కనబడడు.

ఆ కనబడకపోవుట ఎంతదూరము పోగలదో అమెరికాదేశపు అనుభవము తెలుపును. 1990ల దశకములో అచ్చటి భారీ డీజిలు యింజనుల నిర్మాతలు ఏడుగురు, అనగా కేటర్‌పిల్లర్, కమ్మిన్స్, డెట్రాయిట్ డీజిల్, మ్యాక్, నావిస్టార్, రెనో, వోల్వో సంస్థలు, ఒక ఉపాయమును పన్నిరని ప్రభుత్వము ఆరోపించెను. పరీక్షశాలలో యింజను వేగము క్షణక్షణము మారుచుండును. రహదారిపై గంటలకొలది ఒకే వేగముతో పోవును. ఈ భేదమును సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, రహదారి ప్రయాణమని తోచగానే టైమింగును మైలేజి వైపునకు జరిపెడిది. పరీక్షలో శుద్ధమైన యింజను బాటపై అనేకరెట్లు విషవాయువును విడిచెడిది. అట్టి యింజనులు 13 లక్షలని లెక్కతేలెను. 1998 అక్టోబరులో కుదిరిన ఒప్పందము ప్రకారము ఆ సంస్థలు 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటయే గాక, పాత యింజనులు రిపేరునకు వచ్చినప్పుడు వానిలో తక్కువ విషవాయువు నిచ్చు సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుటకు ఒప్పుకొనెను. యజమానులు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఉత్సాహముతో కోరలేదు. ఏల కోరుదురు? తమ మైలేజిలో కొంత అచ్చటనే దాగియున్నదని వారెఱుగుదురు.

ఈ కథ మఱల మఱల నడచినది. 2015లో ఫోక్స్‌వాగన్ కార్ల వ్యవహారము బయటపడెను. భారతదేశములో సైతము ఆ సంస్థ అదే సంవత్సరము డిసెంబరులో మూడు లక్షలకు పైగా కార్లను సరిదిద్దుటకై వెనుకకు పిలిచెను. 2023 డిసెంబరులో కమ్మిన్స్ సంస్థ, రామ్ పికప్ ట్రక్కులలోని యింజనుల విషయమై, 167 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటకు అంగీకరించెను. ఆరు లక్షలకు పైగా బండ్లలో సాఫ్ట్‌వేర్‌ను మార్చుట ఆ పరిష్కారములో భాగము. ఇట్టి అప్‌డేటు మైలేజిని పెంచుటకు పుట్టినది కాదు. తగ్గినను ఆశ్చర్యపడ నవసరము లేదు.

మనదేశములో తక్కెడముల్లు దశలవారీగా జరిగినది. భారత్ స్టేజ్ నాలుగు నియమములు 2017 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతటను, ఆరవ స్టేజ్ నియమములు 2020 ఏప్రిలు 1 నుండి అమలైనవి. అయిదవ మెట్టును దాటివేసి ఆరవదానిపై కాలుపెట్టుట మనవారి సాహసము. డీజిలులోని గంధకము సైతము పదిలక్షల పాళ్లలో ఏబది పాళ్లనుండి పదికి తగ్గెను. ఆరవ స్టేజ్‌లోనే 2023 ఏప్రిలు నుండి రెండవ దశ ప్రారంభమై, బండి తన పొగను తానే కనిపెట్టుకొను నియమములు బిగిసినవి. నేటి సర్వీసు కేంద్రములలో అప్‌డేటులు మిక్కుటమగుటకు ఈ కొత్త సెన్సరులును, వాని తప్పుడు హెచ్చరికలును ఒక కారణము.

విషవాయువును అణచుటకు రెండు మార్గములు గలవు. పొగలో కొంతభాగమును చల్లార్చి మఱల సిలిండరులోనికే పంపి మంటవేడిని తగ్గించుట యొకటి. పొగగొట్టములో యూరియా ద్రావణమును చిమ్మి విషవాయువును మామూలు నైట్రోజనుగా మార్చుట రెండవది. ఈ ద్రావణమునే మనవారు డెఫ్ అనియు, యాడ్‌బ్లూ అనియు, వట్టి "యూరియా" అనియు పిలుచుచున్నారు. దానిలో యూరియా నూటికి 32.5 పాళ్లు. రెండవ మార్గమున నొక సౌలభ్యము గలదు. విషవాయువును గొట్టములో చంపగలిగినప్పుడు, సిలిండరులో టైమింగును మైలేజి వైపునకు కొంత జరుపవచ్చును. కనుక ఒక అప్‌డేటు డీజిలును తగ్గించి యూరియాను పెంచవచ్చును, మఱియొకటి దానికి విరుద్ధముగా చేయవచ్చును. డీజిలు లెక్క మాత్రమే వ్రాసికొని, యూరియా డబ్బాలను లెక్కింపని యజమాని, సగము చిట్టానే చదువుచున్నాడు.

మసిని పట్టు వడపోత సంగతి వేఱు. ఆరవ స్టేజ్ లారీల పొగగొట్టములో నున్న ఈ జల్లెడ నిండినప్పుడు, దానిలోని మసిని కాల్చివేయవలెను. బరువుతో దూరప్రయాణము చేయు లారీలో పొగవేడికే చాలవఱకు కాలిపోవును. ఊరిలో తిరుగుచు, మండీలముందు గంటలకొలది యింజను ఆపక నిలుచు బండిలో ఆ వేడి చాలదు. ప్రత్యేకముగా డీజిలును ఖర్చుచేసి కాల్చవలెను. ఈ కాల్పు ఎన్నాళ్లకొకమారు జరుగవలెనను నియమము సాఫ్ట్‌వేర్‌లోనిది. అందుచేత ఒకే అప్‌డేటు హైదరాబాదు మార్గమున తిరుగు బాగేపల్లి లారీలో ఏ మార్పును చూపక, చింతామణి మండీకిని చుట్టుప్రక్కల పల్లెలకును మధ్య తిరుగు చిన్న బండిలో స్పష్టముగా కనబడవచ్చును. షెడ్డులోని ముగ్గురు యజమానుల వివాదమునకు ఇది మొదటి సమాధానము.

రెండవ సమాధానము నేల యొక్క వాలులో నున్నది. చిక్కబళ్లాపురము సముద్రమట్టమునకు రమారమి 915 మీటర్ల ఎత్తున నున్నది. చింతామణి 857. బాగేపల్లి 707. అనగా బాగేపల్లినుండి చిక్కబళ్లాపురమునకు, సుమారు నలువది కిలోమీటర్లలో, లారీ రెండువందల మీటర్లు ఎక్కవలెను. పదునారు టన్నుల మొత్తపు బరువు గల లారీని అంత యెత్తునకు లేపుటకు కావలసిన శక్తి రమారమి 31 మెగాజౌళ్లు. లీటరు డీజిలులో 36 మెగాజౌళ్లుండును గాని, యింజను దానిలో నూటికి నలువది పాళ్లనే చక్రములకు పనికివచ్చునట్లు చేయునని లెక్కించిన, ఈ ఎక్కుడునకే రెండు లీటర్లకు పైగా డీజిలు కావలెను. సమతలముపై లీటరుకు నాలుగు కిలోమీటర్లిచ్చు బండి నలువది కిలోమీటర్లకు పది లీటర్లు త్రాగును. ఈ దారిలో ఎక్కునప్పుడు పండ్రెండు దాటును. మైలేజి నాలుగునుండి 3.3కు దిగును. తిరిగివచ్చునప్పుడు, డ్రైవరు బ్రేకులతో శక్తిని వృథాచేయనియెడల, అయిదువఱకు ఎక్కవచ్చును. కేవలము దిక్కు మారినంతమాత్రమున ఇంత భేదము! చిమ్ము టైమింగులో అప్‌డేటు తెచ్చు మార్పు సామాన్యముగా నూటికి కొలదిపాళ్లే. అప్‌డేటునకు ముందు దిగుడుబాటలోను, పిమ్మట ఎక్కుడుబాటలోను కొలిచినవాడు సాఫ్ట్‌వేర్‌ను తిట్టును. విపరీతముగా కొలిచినవాడు పొగడును.

ఈ పీఠభూమిపై గాలియు పలుచనిదే. చిక్కబళ్లాపురపు ఎత్తున వాయువు ఒత్తిడి సముద్రతీరముకంటె నూటికి పదిపాళ్లు తక్కువ. టర్బో గల యింజనులలో ఈసీయూ ఆ కొఱతను కనిపెట్టి చాలవఱకు సరిపెట్టును గనుక, దానిని గూర్చి యింతకంటె చెప్పవలసినది లేదు.

మూడవది, అందఱును మోసపోవునది, డ్రైవరు ముందున్న తెరపై కనబడు అంకె. ఆ అంకె ట్యాంకులోని డీజిలును కొలిచి చెప్పునది కాదు. తాను ఇంజెక్టరులకు ఎంత చిమ్ముమని ఆజ్ఞాపించెనో ఈసీయూ కూడుకొని, దానినుండి మైలేజిని గణించును. కొలుచువాడును ఖర్చుచేయువాడును ఒక్కడే! అప్‌డేటులో ఆ గణితపు నియమము సవరింపబడినచో, డీజిలు ఖర్చు ఏమాత్రము మారకయే తెరపై మైలేజి పెరుగవచ్చును, తరుగవచ్చును. ఇంజెక్టరులు అరిగిపోయినప్పుడు ఆజ్ఞకును వాస్తవమునకును భేదము ఇంకను పెరుగును. అనేక యింజనులలో ఒక్కొక్క ఇంజెక్టరునకు దాని గుణమును తెలుపు సంకేతాక్షరములు అచ్చువేయబడి యుండును. ఈసీయూలో అవి సరిగా నమోదు కానిచో చిమ్ముట తప్పును; ఆ దోషము సాఫ్ట్‌వేర్‌ది కాదు, అశ్రద్ధది.

కనుక నమ్మదగిన కొలత ట్యాంకు నిండా పట్టించి, బండిని నడిపి, మఱల నిండా పట్టించి చూచుటయే. అదే పంపువద్ద, అదే తావున బండిని నిలిపి పట్టించుట మేలు. నేల వాలియున్నచో ట్యాంకు నిండినట్లు భ్రమ కలుగును. పోకయు రాకయు కలిపి లెక్కింపవలెను. బరువు చీటీని, టైర్లలోని గాలిని, దారిలో నిలిచిన గంటలను వ్రాసికొనవలెను. ఆషాఢమాసపు పడమటిగాలి ఈ మైదానములలో ఎంత బలముగా వీచునో తెలిసినవారు, వేసవి లెక్కను వానకాలపు లెక్కతో పోల్చరు. ఇంతచేసినను ఒక్కొక్క యాత్రకు మైలేజి నూటికి అయిదుపాళ్లు అటునిటు ఊగుచుండిన యెడల, అప్‌డేటునకు ముందు ఇరువదియైదు యాత్రలు, పిమ్మట ఇరువదియైదు యాత్రలు కొలిచినప్పటికిని, రెండు సగటుల భేదములో నూటికి ఒకటిన్నర పాళ్ల వఱకు సందేహము మిగులును. రెండు యాత్రలు చూచి తీర్పుచెప్పువాని మాటకు విలువ ఎంతయో దీనినిబట్టి గ్రహింపవచ్చును. నూటికి పదిపాళ్ల మార్పు కనబడినచో మాత్రము సగటులకై వేచియుండ నక్కఱలేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను గాక, మూసికొనిపోయిన గాలి ఫిల్టరును, పట్టుకొనియున్న బ్రేకును, కారుచున్న ఇంజెక్టరును మొదట వెదకవలెను.

డ్రైవరు చేతిలోనే నున్న సాఫ్ట్‌వేర్ మీట నొకదానిని గూర్చియు చెప్పవలెను. అనేక లారీలలో బరువునుబట్టి త్రిప్పుకొను మీట గలదు: లేత, మధ్య, భారీ యని మూడు మెట్లు. ఖాళీబండికి భారీమెట్టుపై పనిలేదు. ఆ మీట యింజను శక్తికి మాత్రమే హద్దు పెట్టును. అయినను యాక్సిలరేటరును తొందరగా నొక్కు డ్రైవరునొద్ద దాని ఫలము కనబడును. రవాణా వాహనములకు విధింపబడిన గంటకు 80 కిలోమీటర్ల వేగపు హద్దును సాఫ్ట్‌వేర్ ద్వారానే అమలగుచున్నది. గాలి చేయు అడ్డగింపు వేగపు వర్గమునుబట్టి పెరుగును గనుక, 80నుండి 60కి దిగినచో ఆ అడ్డగింపు రమారమి సగమగును. మైలేజి పెంచు అప్‌డేటులలో ఇంతకు మించినది ఏ కంపెనీయు పంపజాలదు.

ఇక కంపెనీతో సంబంధము లేక, రహస్యముగా పట్టికలను మార్చి "మైలేజి పెంచెదము" అను వారు అన్ని రహదారి ఊళ్లలోను వెలసినారు. వారు చేయునది మైకో పంపు కాలమునాటి పనియే: టైమింగును ముందునకు జరుపుట, లేదా యూరియా చిమ్ముచున్నట్లు ఈసీయూను భ్రమపెట్టుట. మైలేజి కొంత పెరుగుట అసత్యము కాకపోవచ్చును. కాని సిలిండరు తలపైని, పిస్టనుపైని పడు భారము పెరుగును; కంపెనీ హామీ పోవును; మోటారు వాహనముల చట్టములో 2019లో సవరించిన 182-ఏ విభాగము ప్రకారము, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జరిమానాయో, ఆరు నెలలవఱకు చెఱయో, రెండునో తగులవచ్చును. ఆ పొగను పీల్చువారు మొట్టమొదట ఆ బండివెనుక స్కూటరుపై వచ్చు ఊరివారే.

సర్వీసునకు బండి నిచ్చు యజమాని అడుగదగినవి రెండు కాగితములు. ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ సంఖ్య అప్‌డేటునకు ముందు ఏది, పిమ్మట ఏది యని తెలుపునది యొకటి. ఆ అప్‌డేటు దేనికొఱకు పంపబడెనో, సెన్సరుకా, మసి కాల్పునకా, చిమ్ముటకా యని ఒక వాక్యములో తెలుపునది రెండవది. వానిని ట్రిప్పుషీట్ల పుస్తకములో ఆ తేదీ పుటకు అంటించుకొని, దాని క్రిందినుండి డీజిలును, యూరియాను రెండు వరుసలలో వ్రాసికొనుచు పోవలెను.